శ్రీకాకుళం నుంచి ఒక్కపూట షికారు: ముందు సముద్రం, ఆ తర్వాతే కొండ

మీరడిగింది ఇదీ: శ్రీకాకుళం టౌనుకి కొత్తగా వచ్చారు, ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారు, ఆరేళ్ళ పాప. వైజాగ్ దాకా పోకుండా ఆదివారం ఒక్కపూటలో వెళ్ళి వచ్చే చోటు కావాలి, సొంత కారుంది.

రోజూ నడకకైతే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు చాలు. ఆదివారానికి కళింగపట్నం బీచ్, సాలిహుండం బౌద్ధ కొండ కలిపి పెట్టుకోండి. రెండూ గార మండలంలోవే, రెండూ వంశధార నదికి ఇవతలి ఒడ్డునే. కళింగపట్నం టౌనుకి 25 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది.

చాలామంది సాయంత్రం బయల్దేరతారు. నన్నడిగితే అది దండగ. మన సముద్రం తూర్పున ఉంది. పొద్దు పొడవడం నీళ్ళ మీద కనిపిస్తుంది గానీ, కుంగడం ఊళ్ళ వెనకే. పైగా మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి పెరిగి ఇసుక కళ్ళలో కొడుతుంది. మే నెలాఖర్లో 5:20కే పొద్దు పొడుస్తుంది, జనవరిలో 6:25 దాటుతుంది. దానికి గంట ముందు ఇల్లు కదిలితే సరిపోతుంది.

బీచ్‌లో కారు తారు రోడ్డు మీదే ఆపండి. గట్టిగా కనిపిస్తోంది కదా అని ఇసుకలోకి దింపితే పైపొర కింద అంతా గుల్ల. దిగబడితే ఎక్సిలేటర్ తొక్కకండి, చక్రం ఇంకా లోతుకి పోతుంది. నాలుగు టైర్లలో గాలి 18 పీఎస్ఐ దాకా తగ్గించి, ముందు చక్రాల ఎదురుగా ఇసుక తోడి, తాటాకులో సరుగుడు కొమ్మలో పరిచి, రెండో గేరులో నెమ్మదిగా లాగాలి. తర్వాత గాలి కొట్టించుకోకుండా స్పీడు పెంచొద్దు.

నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. వంశధార సముద్రంలో కలిసే మొగ వైపు పాపని తీసుకెళ్ళకండి. అక్కడ నీరు చదునుగా, నెమ్మదిగా ఉన్నట్టు ఉంటుంది. మోసమంతా అందులోనే ఉంది. ప్రతి వరదకీ ఇసుక మేటలు జరుగుతాయి కాబట్టి పోయినేడాది మోకాలి లోతున్న చోట ఈ ఏడాది నిలువు లోతు ఉండొచ్చు. సముద్రం వెనక్కి తీసే వేళ నది నీరూ దానితో కలిసి లాగుతుంది. ఒడిశాలో వానలు పడి హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ గేట్లెత్తితే, శ్రీకాకుళంలో చినుకు లేకపోయినా మొగలో ఎర్రనీరు దిగుతుంది.

మామూలు ఒడ్డులోనూ ఒక గుర్తు పెట్టుకోండి. అటూ ఇటూ కెరటాలు నురగ కక్కుతూ విరుగుతుంటే, మధ్యలో ఒక పట్టీ మాత్రం విరగకుండా ముదురు రంగులో ఉంటుంది. ఒడ్డుకొచ్చిన నీరంతా ఆ లోతు సందులోంచే వెనక్కి పోతుంది. తెలియనివాళ్ళు 'ఇక్కడ కెరటాల్లేవు' అని సరిగ్గా అక్కడే దిగుతారు. లాగేస్తే ఒడ్డుకి ఎదురీదకూడదు, అలసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకి ఈది, కెరటాలు విరిగే చోటికి వచ్చి బయటపడాలి. పాపకి పాదాలు తడిసేంత నీరు చాలు, చెయ్యి వదలకండి. కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని టీవీలో స్క్రోలింగ్ వచ్చిందా, ఆ ఆదివారం మానుకోండి.

ఏడున్నరకి అక్కణ్ణుంచి కదిలి ఎనిమిదికల్లా సాలిహుండం చేరాలి. పదిదాటితే కొండ మీద రాయీ ఇటుకా కాలిపోతాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో వెలుగులోకి తెచ్చిన బౌద్ధ స్థలం ఇది. పైన పెద్ద స్తూపం పునాది చూడండి: బండి చక్రం ఆకుల్లా ఇటుక గోడలు నడిమి నుంచి అంచుకి పోతాయి. ఆ గోడల మధ్య ఖాళీలను మట్టితో నింపి కట్టడాన్ని నిలబెట్టారు. పాపని ఇటుకల మీదికి ఎక్కనివ్వకండి. వంశధార మలుపు పైనుంచే బాగా కనిపిస్తుంది. అమ్మగారికి మెట్లు కష్టం, ఆవిడ కింద నీడలో కూర్చోవడమే మేలు. పైకెళ్ళేవాళ్ళు మనిషికి లీటరు నీళ్ళు కింద నుంచే పట్టుకెళ్ళాలి. జారే చెప్పులు వద్దు.

తిరుగుదారిలో ఓపికుంటే శ్రీకూర్మం. గుళ్ళో నక్షత్ర తాబేళ్ళున్నాయి, పాపకి కొండకన్నా అదే నచ్చుతుంది.

చలికాలంలో ఇంకో ఆదివారం టెక్కలి దగ్గరి తేలినీలాపురం పెట్టుకోండి, 60 కిలోమీటర్ల పైమాట. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) ఊరి చెట్ల మీదే గూళ్ళు కడతాయి, మేతకి నౌపడ తంపరకి, అంటే చిత్తడి నేలకి పోతాయి. సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెబుతారు గానీ, ఈ రెండు జాతులూ దక్షిణాసియావే. నవంబరు నుంచి జనవరి మధ్య వెళ్తే పిల్లలున్న గూళ్ళు కనిపిస్తాయి. చెట్ల కింద గొడుగు ఉండాలి, ఎండకి కాదు, రెట్టకి! చప్పట్లు కొట్టి లేపకండి. తల్లి లేచిపోతే కాకులు గుడ్లెత్తుకుపోతాయి. బైనాక్యులర్స్ కొనేటట్టయితే 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. అద్దాలవి) తీసుకోండి. అంతకన్నా పెద్దవి చేతిలో వణికి పాపకి ఏమీ కనిపించదు.