బొంత ముడతలు పడింది, రంగూ అంటింది

ప్రశ్న: ఆన్‌లైన్ తరగతులు చూసి, కొత్త నేత బట్టనూ పాత చీరలనూ కలిపి బొంత కుట్టాను. ఉతికితే ఎరుపు తెలుపు ముక్కలకు అంటుకుంది, అంతటా ముడతలు పడ్డాయి. పొరపాటు ఎక్కడ?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: మీ కుట్టును అనుమానించకండి, పొరపాటు కత్తెర పట్టకముందే జరిగింది. కొత్త నూలు బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, ఎన్నోసార్లు ఉతికిన పాత చీర అంతగా కుంచించుకోదు కనుక, రెండింటినీ ఉతకకుండా కలిపి కుడితే ముడతలు తప్పవు. ఇకపై ప్రతి రంగునూ విడిగా నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేవరకు జాడించి, ఆరాక ఇస్త్రీ చేసి కత్తిరించండి. తరగతుల్లో కుట్టుకు వదలమనే పావు అంగుళం గట్టి బట్టకు సరిపోతుంది గాని, నలిగిన చీరకు అర అంగుళం వదలడమే మేలని నా అభిప్రాయం. లోపల దూది వద్దు. కోనసీమ ఉక్కపోతకు పాత పంచె ఒక పొర చాలు.