వెనక టైర్లు వెడల్పు చేస్తే మడ్‌గార్డుకు రాసుకుంటాయా?

మీ స్విఫ్ట్‌కి 185/65 ఆర్15 తీసేసి వెనక రెండూ 205 వేయిస్తే రాసుకుంటాయా అని అడిగారు. (185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అంటే ఆ వెడల్పులో టైరు పక్క గోడ, అంటే సైడ్‌వాల్, ఎత్తు ఎంత శాతమో, 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో.) నా 2014 స్విఫ్ట్ జెడ్‌డీఐకి ఇదే పని చేయించాను కాబట్టి జరిగింది చెప్తాను.

205/60 అడిగితే షాపులో స్టాకు లేదని 205/65 ఎక్కించారు. "అయిదే కదండీ తేడా" అన్నారు, నేనూ సరేనన్నాను. ఖాళీ బండికి వేళ్లు దూరేంత సందు కనిపించింది. నెల తర్వాత అందరం విజయవాడ బయల్దేరాం. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సామాను. హైవే దిగి ఊళ్లోకి మళ్లాక స్పీడ్ బ్రేకర్ మీద వెనక నుంచి గర్‌ర్‌మని చప్పుడు. దిగి చూస్తే టైరు అంచున రబ్బరు చెక్కుకుపోయి ఉంది. బండిలో పిల్లలున్నారు. ఆ కోత సైడ్‌వాల్ దాకా వస్తే టైరు పేలిపోవచ్చు. ఎంత టెన్షన్ పడ్డానో నాకు తెలుసు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. 185/65 టైరు మొత్తం ఎత్తు 621.5 మిల్లీమీటర్లు, 205/60 అయితే 627, 205/65 అయితే 647.5. అంటే మొత్తం ఎత్తు 26 పెరిగింది, అందులో సగం పైకి కాబట్టి పైన సందులో 13 మిల్లీమీటర్లు పోయాయి. వెడల్పు వల్ల పోయేది లోపలి వైపు 10, బయటి వైపు 10. పైగా స్పీడోమీటర్ 100 దగ్గర ఉంటే బండి అంతకుముందు కన్నా 4 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంది.

అలాయ్ రిమ్ములు కూడా మారుస్తుంటే రిమ్ము వెనక 'ఈటీ' పక్కన ఉన్న అంకె తప్పక చూడండి. రిమ్ము వెడల్పు మధ్య గీతకు, బోల్టులు బిగించే చోటుకు మధ్య ఎన్ని మిల్లీమీటర్లో అది చెప్తుంది. అది తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది, పెరిగితే లోపలికి. 6 అంగుళాల ఈటీ 45 రిమ్ము తీసి 7 అంగుళాల ఈటీ 35 వేస్తే బయటి అంచు దాదాపు 23 మిల్లీమీటర్లు బయటికొస్తుంది. మడ్‌గార్డు అంచు లోపలికి మడతపెట్టిస్తే కొంత చోటు దొరుకుతుంది గానీ పెయింటు పగిలి తుప్పు పట్టే ప్రమాదముంది. నేను చేయించలేదు.

డబ్బు కట్టే ముందు ఒక పని చేయండి. పిల్లలు ఆడుకునే క్లే ముద్దలు మడ్‌గార్డు లోపల, షాక్ అబ్జార్బర్ పక్కన అతికించి, వెనక ముగ్గురిని కూర్చోబెట్టి, డిక్కీలో బరువు వేసి స్పీడ్ బ్రేకర్లు ఎక్కించండి. క్లే నలిగిన చోటే టైరు తగులుతుంది. షాపు ముందు ఖాళీ బండిని చూసి మాత్రం నమ్మకండి.

అసలు స్విఫ్ట్‌లో ఇంజన్ తిప్పేది ముందు చక్రాలను. వెనక మాత్రమే వెడల్పు చేస్తే పికప్పుకు ఏమీ ఒరగదు, టైర్లు ముందూ వెనకా మార్చుకునే వీలు పోతుంది, స్టెప్నీ కూడా కలవదు. నేను చివరికి నాలుగూ 195/60 వేయించాను. ఎత్తు 615, లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) పాతదే, 88. నిండు బండితో కూడా ఇప్పటిదాకా రాసుకోలేదు.

మీ రిమ్ము వెడల్పు, ఈటీ అంకె రాయండి, లెక్క వేసి చెప్తాను.