క్రూయిజ్‌లో చిన్నపిల్లలతో రాత్రి భోజనం: డైనింగ్ రూమ్‌కి ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి

మీ ప్రశ్న చదువుతుంటే మా మొదటి క్రూయిజ్, అంటే ఓడలో విహారయాత్ర, గుర్తొచ్చి నవ్వొచ్చింది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు లెండి. మీకేమో నాలుగేళ్ల బాబు, ఏడాదిన్నర పాప, ఏడు రాత్రుల ప్రయాణం. పిల్లలు ఏడున్నరకల్లా పడుకునే రకం. వాళ్లని డైనింగ్ రూమ్‌లో రెండు గంటలు కూర్చోబెట్టడం అయ్యే పనేనా, లేక వారమంతా బఫేతోనే సరిపెట్టుకోవాలా అని కదా మీరడిగింది. అయ్యే పనే. కాకపోతే పిల్లల కడుపు నింపడానికి డైనింగ్ రూమ్‌కి వెళ్లకండి. అన్నం ముందే పెట్టేసి, అక్కడికి షికారుకి తీసుకెళ్లినట్టు తీసుకెళ్లండి.

మేం హ్యూస్టన్ దగ్గర ఉంటాం. ఓడ ఎక్కింది గాల్వెస్టన్‌లో. కోజుమెల్, రొయటాన్, కోస్టా మాయా రేవులు తిప్పి తెచ్చే వారం ట్రిప్. అప్పటికి మా పెద్దదానికి ఐదేళ్లు, చిన్నోడికి రెండు నిండలేదు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు కూడా మాతోనే ఉన్నారు. డైనింగ్ రూమ్‌లో రాత్రి భోజనం రెండు విడతల్లో పెడతారు. మేం ఆలస్యంగా బుక్ చేశాం కాబట్టి ముందు విడత, అంటే ఎర్లీ సీటింగ్, అప్పటికే నిండిపోయింది, మాకు ఎనిమిదింటిది ఇచ్చారు. "ఇంట్లోనూ ఎనిమిదిన్నరకేగా మనం తినేది, ఏమవుతుందిలే" అన్నారు మా ఆయన. ఇంట్లో మేం ఎనిమిదిన్నరకి తినేది పిల్లలు పడుకున్నాక అన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఓడ ఎక్కే రోజు పిల్లలకి మధ్యాహ్నం నిద్ర ఉండదు, ఇది రాసి పెట్టుకోండి. కేబిన్లు సిద్ధమయ్యేసరికి మధ్యాహ్నం అవుతుంది, తర్వాత సేఫ్టీ డ్రిల్, తర్వాత కొలను చూసి ఆగరు, తర్వాత ఓడ కదులుతుంటే చూడాలి. రాత్రి ఎనిమిదింటికి మా చిన్నోడు హై చెయిర్‌లో కూర్చుని పది నిమిషాలు బ్రెడ్ రోల్ నమిలాడు, ఆ తర్వాత దాన్ని నేలకేసి కొట్టాడు. వెయిటర్ నవ్వుతూ ఇంకోటి ఇచ్చాడు. ఆహా, ఇదేదో ఆట అనుకుని దాన్నీ కొట్టాడు. పాస్తా వచ్చేసరికి పెద్దది ప్లేటు పక్కనే తల పెట్టి నిద్రపోయింది, జడ కొస వెన్న గిన్నెలో ఉంది. మా ఆయన చిన్నోణ్ణి భుజాన వేసుకుని బయట కారిడార్‌లో తిరుగుతుంటే నేను నాలుగు ముద్దలు మింగాను, నేను వెళ్లి తిరుగుతుంటే ఆయన మింగారు. అత్తయ్యగారికి వచ్చిన వెజిటేరియన్ ప్లేటులో ఉడికించిన క్యారెట్లు, మెదిపిన బంగాళాదుంప. ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతేనే మాకు భయం.

తప్పు వడ్డించేవాళ్లది కాదు. అక్కడి పద్ధతే అది. మన పెళ్లి బంతిలోలా అన్నీ ఒకేసారి ఆకులో పడవు. ముందు సూపో సలాడో, అది అందరిదీ అయ్యాక అసలు వంటకం, ఆ ప్లేట్లు తీశాక స్వీటు. ఒక వెయిటర్ చేతిలో నాలుగైదు టేబుళ్లు ఉంటాయి, వంటింట్లోంచి వందలమందికి ఒకే వరసలో ప్లేట్లు వస్తుంటాయి. మధ్యలో ఖాళీగా కూర్చునే పావుగంటలే పిల్లల ప్రాణం తీస్తాయి, మన ప్రాణం కూడా.

అందుకని ముందు చేయాల్సింది సీటింగ్ మార్పించుకోవడం. మామూలుగా ఎర్లీ సీటింగ్ ఐదున్నర, ఆరు మధ్య ఉంటుంది. నిండిపోయిందంటే వెయిట్‌లిస్ట్‌లో పెట్టించుకోండి. అక్కడా కాకపోతే ఓడ ఎక్కగానే, ఇంకేదీ చూడకముందే, డైనింగ్ రూమ్ పెద్దని, అంటే హెడ్ వెయిటర్ మీద ఉండే మేట్ర డీని కలవండి. మొదటి రోజు మధ్యాహ్నం ఇలాంటి మార్పుల కోసమే ఆయన ఒకచోట కూర్చుంటాడు. మాకీ సంగతి తెలియక రెండో రోజు పొద్దున వెళ్లాం. అయినా చిన్నపిల్లలని చూసి ఐదున్నరకి మార్చాడు. అప్పుడే గోడ పక్కన, తలుపుకి దగ్గరగా ఒక టేబుల్ అడిగాను. కిటికీ పక్కన అడక్కండి. అక్కడినుంచి ఏడుస్తున్న పిల్లాణ్ణి ఎత్తుకుని బయటపడాలంటే పది కుర్చీలు జరపాలి. వేరే కుటుంబంతో కలిసి కూర్చునే పెద్ద టేబుల్ కూడా వద్దనండి. ఏ టైముకైనా వెళ్లగలిగే ఫ్లెక్సిబుల్ డైనింగ్ కూడా చాలా ఓడల్లో ఉంది గానీ, నాకు అంతగా నచ్చదు. రోజుకో కొత్త వెయిటర్ వస్తే మీ పిల్లల సంగతి రోజూ మొదట్నుంచీ చెప్పుకోవాలి. ఒకే వెయిటర్ అయితే మూడో రోజుకి మనం కూర్చోకముందే హై చెయిర్ వేసి ఉంచుతాడు.

ఇక అన్నం సంగతి. మా ఓడలో మధ్యాహ్నం బఫే మూడున్నరకి మూసి, మళ్లీ ఐదున్నరకి తెరిచేవాళ్లు. మీ ఓడ టైములు మొదటి రోజే చూసుకోండి, ఎందుకంటే పిల్లలకి ఆకలేసేది సరిగ్గా ఆ మూసిన టైములోనే. నేను మూసేముందు వెళ్లి తెల్లన్నం మూత డబ్బాలో పెట్టుకుని వచ్చేదాన్ని. పెరుగు కోసం పొద్దున టిఫిన్ దగ్గర ప్లెయిన్ యోగర్ట్ చిన్న గిన్నెతో తెచ్చి కేబిన్ ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. అక్కడి అన్నం పొడిపొడిగా, గింజ గింజ విడిగా ఉంటుంది, పిల్లలకి గొంతు దిగదు. టీ పెట్టే దగ్గర వేడినీళ్లు పట్టుకొచ్చి అన్నంలో రెండు చెంచాలు పోసి, మూత పెట్టి ఐదు నిమిషాలు ఉంచి, చేత్తో మెత్తగా పిసికి పెరుగు కలపండి. చిటికెడు ఉప్పు. నాలుగున్నరకి బాల్కనీలో కూర్చోబెట్టి, అదిగో పక్షి, ఇదిగో అల అంటూ ముద్దలు పెడితే గిన్నె ఖాళీ. అసలు భోజనం ఇదే, ఆ తర్వాత డైనింగ్ రూమ్‌లో వాళ్లు ఏం తిన్నా తినకపోయినా నాకు టెన్షన్ లేదు.

డైనింగ్ రూమ్‌లో కూర్చున్న వెంటనే, మన మెనూ చూడకముందే, పిల్లలది చెప్పేయండి. "వాళ్ల ప్లేట్లు మా స్టార్టర్లతోపాటే తెచ్చేయండి, ముందు కొంచెం పళ్లముక్కలు పెట్టండి" అంటే చాలు. మనకి అసలు వంటకం వచ్చేటప్పుడు వాళ్లకి ఐస్‌క్రీమ్ రావాలి. ఈ ఒక్క వరస మార్చుకుంటే గంటలోపు బయటపడతారు. మేం నలభై ఐదు నిమిషాల్లో లేచిన రోజులున్నాయి. పిల్లలు బాగా విసిగిస్తున్న రోజు స్టార్టర్లు రెండు తెప్పించుకుని అదే భోజనం అనుకుని వచ్చేశాం. డైనింగ్ రూమ్‌లో మామూలు మెనూలో స్టార్టర్లు రెండు అడిగినా సాధారణంగా డబ్బులు అడగరు. ప్రత్యేకంగా ధర రాసి ఉన్నవాటికి అదనం. స్టిక్కర్ల పుస్తకం ఒకటి డైనింగ్ రూమ్‌కి మాత్రమే అని దాచి పెట్టండి, బయట చూపించకండి. ఫోన్ ఇవ్వచ్చా అంటే, మేం ఇచ్చాం, చివరి పది నిమిషాలు, సౌండ్ తీసేసి. ఎవరూ కేసు పెట్టలేదు. కాకపోతే వీడియోలు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి, ఓడలో వైఫై ఖరీదు చూస్తే ఆకలి చచ్చిపోతుంది.

మీరు శాకాహారులో కాదో రాయలేదు. అయినా ఇండియన్ వంట కావాలంటే ముందురోజే చెప్పాలి. ఏ రోజుకారోజు అడిగితే క్యారెట్లే. మా హెడ్ వెయిటర్ గోవా అబ్బాయి. అన్నట్టు ఈ ఓడల్లో మనవాళ్లు ఎంతమంది పనిచేస్తారో చూస్తే ఆశ్చర్యపోతారు. పప్పు, కూర, అన్నం రోజూ చేయిస్తానని, కారం ఎంత వేయించాలని అడిగాడు. మా అత్తయ్యగారిది గుంటూరు. "నీకెంత కావాలో అంతే వెయ్యి నాయనా" అని తెలుగులోనే చెప్పారు. అతనికేం అర్థమైందో గానీ మర్నాడు పప్పులో నాలుగు ఎండుమిరపకాయలు తేలుతూ వచ్చాయి. ఆవిడ ఆ రోజు మొదటిసారి ఓడ బాగుందన్నారు. పిల్లలకి మాత్రం కారం లేని పప్పు విడిగా ఒక గిన్నెలో ఇమ్మని చెప్పుకోండి.

ఇంటినుంచి రైస్ కుక్కర్ పట్టుకెళ్దామనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. కుక్కర్లు, ఎలక్ట్రిక్ కెటిల్స్, ఇస్త్రీపెట్టెలు నిప్పు భయంతో ఓడలోకి రానివ్వరు. ఎక్కేటప్పుడు తీసుకుని దిగేటప్పుడు ఇస్తారు. వండిన పదార్థాలూ వద్దంటారు. సీల్ తీయని బిస్కెట్లు, బేబీ ఫుడ్ సీసాలు, కొన్న పచ్చడి ప్యాకెట్లు మా దగ్గర ఎవరూ ఆపలేదు. బఫేలో తీసుకున్న అరటిపండు బ్యాగులో పడేసి రేవులో దిగకండి, పళ్లు దేశంలోకి తీసుకెళ్లనివ్వరు.

మీ బాబుకి నాలుగేళ్లు కాబట్టి ఇంకో వెసులుబాటు ఉంది. చాలా ఓడల్లో పిల్లల క్లబ్బు మూడేళ్ల నుంచి మొదలవుతుంది, డైపర్ మానేసి ఉండాలి. కార్నివాల్ కంపెనీ ఓడల్లో రెండేళ్లకే తీసుకుంటారు. డిస్నీ ఓడల్లో రెండో సీటింగ్ వాళ్లకి ఒక ఏర్పాటు ఉంది. పిల్లలకి ముందుగా వడ్డించేసి, తినగానే క్లబ్బువాళ్లే డైనింగ్ రూమ్‌కి వచ్చి వాళ్లని తీసుకెళ్తారు, పెద్దవాళ్లు నిదానంగా తినొచ్చు. మీది ఏ ఓడో రాయలేదు కాబట్టి ఇలాంటిది ఉందేమో అడగండి. పాపకి మాత్రం క్లబ్బు కుదరదు. కొన్ని ఓడల్లో గంటల లెక్కన డబ్బులు తీసుకుని చంటిపిల్లలని చూసే నర్సరీ ఉంటుంది, అది త్వరగా నిండిపోతుంది.

ఫార్మల్ నైట్, అంటే అందరూ ముస్తాబై భోజనానికి వచ్చే రాత్రి, అనగానే హడలిపోకండి. పెద్దదానికి పట్టులంగా వేశాను. ఓడంతా ఆగి ఆగి చూసింది, ఫోటోలు కూడా తీసుకున్నారు. చాక్లెట్ కేక్ తినే టైముకి నేను నాప్కిన్లు మూడు కలిపి మెడ చుట్టూ కట్టాను. అయినా జరీ అంచు మీద ఒక మరక ఇప్పటికీ ఉంది. చీర మీద ఆశ ఉంటే మీరు కట్టుకోండి, పిల్లలకి మాత్రం ఉతికితే పోయే బట్టలు వేయండి.

రేవులో దిగిన రోజు డైనింగ్ రూమ్ మానేయండి. కోజుమెల్‌లో ఎండలో తిరిగొచ్చాక మావాళ్లిద్దరూ ఐదింటికే స్ట్రోలర్‌లో వాలిపోయారు. వాళ్లని లేపి తీసుకెళ్లడం పాపం. వెళ్లకపోతే ఎవరూ ఏమీ అనరు, వెయిటర్‌కి ముందురోజు చెబితే మర్యాద. మా ఆయన బఫే నుంచి రెండు ప్లేట్లు కేబిన్‌కి పట్టుకొచ్చారు, లోపల లైట్లు ఆర్పేసి బాల్కనీలో కూర్చుని తిన్నాం. అత్తయ్యగారు పప్పన్నంలో ఆవకాయ కలిపి మా ఇద్దరికీ తలో ముద్ద చేతిలో పెట్టారు. వారం మొత్తంలో వేడిగా, నిదానంగా తిన్న భోజనం అదొక్కటే. రూమ్ సర్వీస్ తెప్పించుకోవచ్చు గానీ కొన్ని ఓడల్లో దానికి ఆర్డర్‌కింత అని వేస్తారు, చూసుకోండి.

ఓడ ఊగితే పిల్లలు తినరు, బలవంతం చేయకండి. పై అంతస్తులో ఉండే బఫే కంటే కింద డైనింగ్ రూమ్‌లో ఊపు తక్కువ. టిప్పులు చాలా కంపెనీల్లో పిల్లలకి కూడా రోజుకింత అని లెక్కలో వేసేస్తారు, బిల్లు చూసి కంగారు పడకండి.

మీ పాపకి కేబిన్‌లో క్రిబ్, అంటే కటకటాల చిన్న మంచం, కావాలని ఫోన్ చేసి ఇప్పుడే చెప్పి ఉంచండి. ఎక్కాక అడిగితే ఉంటాయో ఉండవో. అదే ఫోన్‌లో ఎర్లీ సీటింగ్ వెయిట్‌లిస్ట్ సంగతి కూడా కానిచ్చేయండి. ఏ ఓడో, ఏ నెలలోనో రాస్తే మిగతాది చెప్తాను.