మేడ మీది ఎండ మనదే, మీట ఎవరి చేతిలో?

ఈ పక్షం వచ్చిన సందేహాల్లో సగానికి పైగా సోలారే. ఫోను వేడెక్కుతోందనీ ప్రింటరు మొరాయిస్తోందనీ రాసినవాళ్లు వచ్చేసారి దాకా ఓపిక పట్టండి. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలై, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల కేంద్ర రాయితీ అన్నాక ఒడిశాలోని మన బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ మేడల మీద వడియాలు ఎండబెట్టుకునే చోటు తగ్గిపోయింది. సోలార్ పలకలతో నాకు పేచీ లేదు. వాటి కింద గోడకు వేలాడుతూ పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు పెట్టె, ఆ పెట్టెతో మాట్లాడే యాప్, ఈ రెండింటితోనే.

‘సార్, కరెంటు పోతే మా సోలార్ కూడా పోతోంది. ఎండ మండిపోతా ఉంటే ఇదేటి సార్? మోసపోయామా?’ — పర్లాకిమిడి నుంచి ఒకరు, ఇదే మాట అడిగిన మరో పదకొండు మంది

మోసం కాదు. కానీ ఈ సంగతి చెప్పకుండా అమ్మడం మోసానికి వేలువిడిచిన చుట్టమే. మీరు కొన్నది బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు, అంటే వీధి లైనుతో కలిసి మాత్రమే నడిచేది. లైన్లో కరెంటు లేకపోతే అది తనంతట తానే ఆగిపోవాలి. ఆగకపోతే మీ ఇంటి 230 వోల్టులు వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్లోకి వెనక్కి వెళ్లి, అవతలివైపు 11,000 వోల్టులై తేలతాయి. లైను చచ్చిందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ చేతికి అవే తగులుతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ఊడ్చేసినప్పుడు స్తంభాలెక్కి తీగలు కట్టింది ఆ మనుషులే కదా.

కరెంటు లేనప్పుడు కూడా సోలార్ నడవాలంటే లైనుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు, దానికో బ్యాటరీ కావాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. మీ ఇంట్లో పాత బ్యాటరీ ఇన్వర్టరు ఉంటే దాన్ని పీకించకండి. రెండు ఫ్యాన్లకీ నాలుగు లైట్లకీ అది చాలు. ఒకాయన జనరేటరు వేసి ఆన్‌గ్రిడ్ పెట్టెను కరెంటు వచ్చిందని నమ్మించాడట, గొప్పగా వీడియో పంపాడు. అయ్యా, జనరేటరు కాలిపోయిన రోజు వీడియో కూడా పంపండి.

‘3 కిలోవాట్లు పెట్టించాను. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా 2.4 దాటలేదు. ఫిర్యాదు చెయ్యనా?’ — గుణుపురం

వద్దు. ఆ 3 అనేది ప్రయోగశాలలో, పలక 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. మన మే నెలలో పలక ఒళ్లు 65 డిగ్రీలకు కాలుతుంది. డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున 14 శాతం అక్కడే పోయింది, మిగతాది దుమ్మూ తీగలూ తినేశాయి. పలకకు కావలసింది వెలుగు, వేడి కాదు. ఏడాది మొత్తం మీద కిలోవాటుకు రోజుకు 4 యూనిట్లు సగటున వస్తే సంతోషించండి. చల్లబరుద్దామని మిట్టమధ్యాహ్నం బకెట్లతో నీళ్లు పొయ్యకండి, అద్దం చిట్లవచ్చు. తెల్లవారుజామున కడగండి.

‘యాప్ పాస్‌వర్డు ప్యానెళ్లు బిగించిన కుర్రాడి దగ్గరే ఉంది. అడిగితే, మీకెందుకు మాస్టారూ, నేను చూసుకుంటాను కదా అంటున్నాడు. పర్వాలేదా?’ — రాయగడ నుంచి ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు

పర్వా ఉంది మాస్టారూ. చాలా ఉంది.

నా కథే చెబుతాను. రెండేళ్ల కిందట బరంపురంలో మా మేడ మీద బిగించినవాడు తన లాగిన్ నా ఫోనులో వేసిచ్చి, ‘రెండ్రోజుల్లో మీకు వేరేది చేస్తాను సార్’ అన్నాడు. ఆ రాత్రి యాప్ తెరిస్తే మా ఇల్లొక్కటే కాదు, వరసగా ముప్పై ఏడు ఇళ్లు కనిపించాయి. ఇంటి యజమాని పేరు, ఫోను నంబరు, మ్యాపులో మేడ ఎక్కడుందో చూపే ఎర్ర చుక్క. వాటిలో ఒక ఇంట్లో వాడకం కొలిచే మీటరు కూడా పెట్టారు. ఆ గీత ఐదు రోజులుగా నేల మీద పాకుతోంది, గంటకోసారి మాత్రం చిన్నగా లేచి పడుతోంది. అంటే ఫ్రిజ్ ఒక్కటే నడుస్తోంది, ఇంటిల్లిపాదీ ఊరెళ్లారు. తాళం వేసిన ఇల్లు ఏదో ఎక్కడుందో నేను మంచం మీద కూర్చుని చదివేశాను. ప్రతి ఇంటి పేరు పక్కనా ఒక స్విచ్ బొమ్మ ఉంది. నొక్కితే ఆ ఇన్వర్టరు ఆగిపోతుంది. నేను నొక్కలేదు. నాలాగే అదే లాగిన్ చేతికి అందిన మిగతావాళ్ల సంగతి నాకు తెలియదు.

ఆ కుర్రాడు దొంగ కాదు. నలభై ఇళ్లకు నలభై ఖాతాలు తెరవడం బద్ధకం, అంతే. అసలు తప్పు అలా ఒకే ఖాతాలో ఊరంతా పోగెయ్యడాన్ని సులువు చేసిపెట్టిన యాప్‌ది. ఇల్లు కొన్నవాడికి తాళం చెవి ఇవ్వకుండా మేస్త్రీ దగ్గరే ఉంచడం లాంటిది ఇది. గృహప్రవేశం నాడు ఒప్పుకుంటారా?

రెండో కంత ఆ పెట్టె కింద గుచ్చిన వేలెడంత డాంగిల్, పెట్టెను ఇంటర్నెట్‌కు కలిపేది అదే. బిగించేటప్పుడు అది సొంతంగా ఒక వైఫై హాట్‌స్పాట్ తెరుస్తుంది. దాని పేరు చాలాసార్లు పెట్టె సీరియల్ నంబరే. పాస్‌వర్డు ఒకటి నుంచి ఎనిమిది దాకా వరస అంకెలు. పని అయ్యాక అది మూసుకోవాలి, చాలావాటిలో మూసుకోదు. మీ వీధిలో స్కూటరు ఆపి ఫోను తీసినవాడెవడైనా లోపలికి రావచ్చు. ఇంకా ఘోరం, మీ ఇంటి వైఫై పాస్‌వర్డు ఆ డాంగిల్ కడుపులోనే ఉంటుంది. మీరు బ్యాంకు యాప్ వాడేదీ, మనవడు ఆన్‌లైన్ క్లాసు వినేదీ ఆ వైఫైలోనే.

గంజాం జిల్లాలో మా డాబా మీద ఎవడికేం పని అనకండి. 2024లో జపానులో సౌర కేంద్రాల్ని దూరం నుంచి గమనించే పరికరాలు సుమారు 800 దొంగల చేతికి చిక్కాయి. వాళ్లకు కరెంటుతో పనిలేదు. బ్యాంకు ఖాతాల్లో సొమ్ము లాగేటప్పుడు తమ జాడ కనపడకుండా ఆ పెట్టెల్ని ముసుగుగా వాడుకున్నారు. ఏనాడో బయటపడిన లోపం, సవరణ వేసుకోకుండా వదిలేశారు. అదే ఏడాది నవంబరులో అమెరికాలో కొన్ని ఇన్వర్టర్లు తెర మీద ఒక నోటీసు చూపి పనిచేయడం మానేశాయి. ఇంట్లోవాళ్లు ఏ మీటా నొక్కలేదు. ఒక్క ఇల్లు ఆగితే ఆ ఇంటి బిల్లే పెరుగుతుంది. వేల ఇళ్లు ఒకే క్షణంలో ఆగితే, లేదా ఒకే క్షణంలో లేస్తే, ఊళ్లన్నిటికీ కరెంటు పంచే గ్రిడ్ తూలుతుంది. ఈ భయం నాకు తుఫాను భయం కన్నా ఎక్కువ. తుఫాను వచ్చే ముందు గోపాలపురం రేవులో హెచ్చరిక గుర్తు ఎగరేస్తారు, దీనికి ఏ గుర్తూ లేదు.

కాబట్టి మాస్టారూ, ఆ కుర్రాణ్ణి ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, మీ ఈమెయిలుతో మీ పేరు మీద కొత్త ఖాతా తెరిపించండి. యజమాని మీరు, అతను చూడటానికి మాత్రమే. మార్చే అధికారం అతనికి వద్దు. హాట్‌స్పాట్ పాస్‌వర్డు మీ ఎదుటే మార్పించండి. చాలా రౌటర్లలో అతిథుల కోసం విడిగా గెస్ట్ వైఫై ఉంటుంది, డాంగిల్‌ను దానికి తగిలించి ఇంటి వైఫై పాస్‌వర్డు మార్చండి. సీరియల్ నంబరు స్టిక్కరు వీధిలోకి కనపడేలా ఉంటే ఫొటో తీసుకుని, పైన టేపు వెయ్యండి. ఇవన్నీ కుదరకపోతే డాంగిల్ పీకి బీరువాలో పెట్టండి. చాలా పెట్టెలు అది లేకపోయినా కరెంటు చేస్తూనే ఉంటాయి. వారంటీ కోసం అది ఉండితీరాలా అన్నది మాత్రం కాగితంలో చూసుకోండి.

అన్నట్టు, పగలు పదకొండింటికి అప్‌డేట్ వేసుకుని అరగంట పడుకునే ఇన్వర్టరును తయారుచేసిన మహానుభావుణ్ణి ఒక్కసారి చూడాలనుంది. రాత్రి పన్నెండు గంటలు ఖాళీగానే వేలాడుతుంది కదయ్యా అది! యాప్ తెరవగానే మీరు ఇన్ని చెట్లు నాటినట్టు అంటూ ఆకులు రాలుస్తారు. ఎర్ర లైటు ఎందుకు వెలిగిందో మాత్రం ఒక అక్షరం, రెండంకెలతో సరిపెడతారు. మా పక్క కరెంటాఫీసు నోటీసు ఒడియాలో, యాప్ ఇంగ్లీషులో, బిగించినవాడితో గొడవ తెలుగులో. మూడు భాషలు వచ్చినా ఆ కోడు అర్థం కాదు.

‘వాట్సాప్‌లో రాయితీ యాప్ వచ్చింది, ఒక్క రూపాయి కడితే చాలంటున్నారు’ — బరంపురం

తీసెయ్యండి. రాయితీకి అలా వాట్సాప్‌లో వచ్చే యాప్ ఫైలు (ఏపీకే) అక్కర్లేదు, గవ్ డాట్ ఇన్‌తో ముగిసే అధికారిక సైటులోనే దరఖాస్తు. ఆ ఫైలు ఇప్పటికే వేసుకుని ఉంటే ముందు ఫోను నెట్ ఆపి, ఇంకో ఫోను నుంచి బ్యాంకుకూ సైబర్ నేరాల హెల్ప్‌లైను 1930కీ చెప్పండి.

‘ప్లస్ టూ చదువుతున్నాను. సౌరశక్తి, పవనశక్తి, జలశక్తిలో ఏది మంచిది? లాభనష్టాలు పంపండి’ — జయపురం

ఇది టెక్ సందేహం కాదు, నీ ప్రాజెక్టు రికార్డు. అయినా జయపురం నుంచి అడిగావు కాబట్టి ఊరుకోలేను. నీకు ఆ పక్కనే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది. ఆంధ్ర, ఒడిశా కలిసి కట్టుకున్నది, 1955 నుంచి నీళ్లతో కరెంటు తీస్తోంది. డుడుమా జలపాతం చూడ్డానికి వెళ్లి సెల్ఫీ దిగినవాళ్లకు కింద పవర్‌హౌస్ ఉందని కూడా పట్టదు. జలశక్తిలో లాభం అదే, అడిగినప్పుడు ఇస్తుంది. సూర్యుడిలా సాయంత్రం ఆరింటికి దుకాణం కట్టెయ్యదు. నష్టం చూడాలంటే బస్సెక్కి మల్కాన్‌గిరి జిల్లా చిత్రకొండ వైపు వెళ్లు. బలిమెల జలాశయం నిండాక అవతలి ఊళ్లు దీవులైపోయాయి, దశాబ్దాల పాటు పడవే దారి. 910 మీటర్ల గురుప్రియ వంతెన తెరుచుకున్నది 2018 జులైలో. ‘పర్యావరణానికి హాని లేదు’ అని రికార్డులో రాసేముందు ఆ వంతెన మీద ఒకసారి నిలబడు.

గాలిమర సంగతి క్లుప్తంగా. గాలి వేగం సగమైతే కరెంటు సగం కాదు, ఎనిమిదో వంతు. ఊళ్లో మేడ మీద గాలి చుట్టుపక్కల గోడలకు కొట్టుకుని సుడులు తిరుగుతుంది. ఇంటి మీద చిన్న గాలిమర పెడతానని గోపాలపురం నుంచి రాసినాయనకూ ఇదే జవాబు. 2013 అక్టోబరు 12 నాటి ఫైలిన్ తుఫాను మీ ఊరి దగ్గరే తీరం దాటిందని నేను గుర్తు చెయ్యక్కర్లేదు.

గోబర్ గ్యాస్ గురించి నువ్వు అడగలేదు, ఎవరూ అడగరు. పేడ కలపాలి, చలికాలం గ్యాసు తగ్గుతుంది, నిజమే. కానీ దానికి యాప్ లేదు, పాస్‌వర్డు లేదు, ఎవడూ దూరం నుంచి ఆపలేడు. ఆ పేజీ కూడా రాయి, మీ మాస్టారు ఏమంటారో చూద్దాం.

ఇక రికార్డులో ఎవరూ రాయనిది చచ్చిన బ్యాటరీ. ఇళ్లలో ఇన్వర్టరుకు పెట్టే ట్యూబులర్ బ్యాటరీలో ఉన్నది సీసం, గంధకామ్లం. తూకానికి కొనే పాతసామాను కొట్టువాడు దాన్ని వెనక దొడ్లో పగలగొట్టి, ఆమ్లం కాలవలో ఒంపి, సీసం కరిగిస్తాడు. ఆ పొగ పీల్చేది పక్కింటి పిల్లలు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. మీ ఇంట్లో బ్యాటరీ పోయిన రోజు నాన్నతో చెప్పి, కొత్తది కొన్న కొట్లోనే పాతది అప్పగించి, తగ్గింపు ఎంతో బిల్లు మీద రాయించు.