నాలుగు టైర్లు మార్చడం తప్పా?

ప్రశ్న: నాకు ఆటోనగర్‌లో వీల్ అలైన్‌మెంట్ షాపు ఉంది. అమెరికాలోని షార్లెట్‌లో ఉండే మా బావమరిది ఇంటికి వెళ్లినప్పుడు మొదటిసారి నాస్కార్ అనే అక్కడి కార్ల రేసు చూశాను, అప్పటి నుంచి 11వ నంబరు కారు, దాన్ని నడిపే డెన్నీ హామ్లిన్ అంటే ప్రాణం. 2025 నవంబరులో ఫీనిక్స్ రేసులో అతనికి టైటిల్ చేతిదాకా వచ్చి జారిపోయింది, కైల్ లార్సన్ అనే డ్రైవరు కొట్టుకుపోయాడు. తెల్లవారుజామున ఏడ్చేశాను, ఆ రోజు షాపు కూడా తీయలేదు. "ఇంకెన్నాళ్లు బావా, లార్సన్‌కి మారిపో" అంటున్నాడు వాడు. చివర్లో హామ్లిన్ జట్టు నాలుగు టైర్లూ మార్చడం తప్పంటారా? నేను మారాలా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మారకండి. ఆ రాత్రి నేనూ మేలుకునే ఉన్నాను, మీ ఉత్తరం చదువుతుంటే మళ్లీ గుండె కలుక్కుమంది.

తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను. ఆ ఏడాది పద్ధతి ప్రకారం చివరి రేసుకి టైటిల్ పోటీలో మిగిలేది నలుగురే, వాళ్లలో ఎవరు ముందు గీత దాటితే టైటిల్ వాళ్లది. హామ్లిన్ 2006 నుంచి పూర్తి సీజన్లు నడుపుతున్నాడు, నాస్కార్‌లో అన్నిటికంటే పేరున్న రేసు డేటోనా 500 మూడుసార్లు గెలిచాడు, 2025లో ఆరు రేసులు గెలిచాడు, టైటిల్ మాత్రం ఒక్కటీ లేదు. ఆ రోజు 208 ల్యాపులు, అంటే ట్రాక్ చుట్టూ 208 చుట్లు, అతనే ముందున్నాడు. ఇక మూడే ల్యాపులు అనగా ఆ నలుగురిలోనే ఒకడైన విలియం బైరన్ కారు టైరు పోయింది, అందరూ నెమ్మదించాలని చెప్పే పసుపు జెండా లేచింది, టైర్లు మార్చుకోవడానికి అందరూ ట్రాక్ పక్కనుండే పిట్‌లోకి వచ్చారు. హామ్లిన్ జట్టు నాలుగు టైర్లూ మార్చింది, లార్సన్ జట్టు రెండే మార్చి అతన్ని ముందుగా బయటికి పంపింది. ఆ తర్వాత మిగిలింది రెండు ల్యాపులు. లార్సన్ మూడో స్థానం, హామ్లిన్ ఆరో స్థానం, ఆ నలుగురిలో ముందున్నది లార్సన్ కాబట్టి టైటిల్ అతనిది.

టైర్ల సంగతి మీకు నేను చెప్పాలా? నాలుగూ కొత్తవైతే పట్టు బాగుంటుంది, కానీ ఆ పట్టుతో ముందువాళ్లను ఒక్కొక్కరినీ దాటడానికి ల్యాపులు కావాలి, మైలు పొడవు ట్రాక్ మీద రెండు ల్యాపులంటే ఎంతసేపు! ఇంకో పది ఉండి ఉంటే అదే నిర్ణయాన్ని అందరూ మెచ్చుకునేవాళ్లు. అందుకే నేను తప్పనను.

మీ బావమరిదికి పాతతరం నాస్కార్ డ్రైవరు మార్క్ మార్టిన్ గురించి చెప్పండి. అప్పట్లో సీజన్ మొత్తం పాయింట్లు కలిపి టైటిల్ ఇచ్చేవారు. 1990లో కార్బురేటర్ కింద పెట్టే స్పేసర్ అనే చిన్న భాగం విషయంలో అతనికి 46 పాయింట్లు కోత వేశారు, సీజన్ చివర డేల్ ఎర్న్‌హార్ట్ చేతిలో 26 పాయింట్ల తేడాతో ఓడాడు, అంటే ఆ కోతే లేకపోతే టైటిల్ అతనిదే. మొత్తం ఐదుసార్లు రెండో స్థానంలోనే ఆగిపోయాడు. అయినా 2017లో గొప్ప డ్రైవర్లను గౌరవించే నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. 40 రేసులు గెలిచిన మనిషిని పట్టుకుని గెలవనివాడు అని ఎవరంటారు?

లార్సన్ గొప్ప డ్రైవరే, 2021లోనూ టైటిల్ కొట్టాడు, అతను నచ్చితే నచ్చనివ్వండి. కానీ పచ్చ జెండా ఊపగానే మీ కళ్లు ముందు 11నే వెతుకుతాయి, అది మీ చేతిలో లేదు.

షాపు మాత్రం మూయకండి, పనివాళ్లకి ఆ రోజు కూలి పోతుంది. ఆలస్యంగా అయినా తీయండి, మధ్యాహ్నం ఖాళీ దొరికితే కుర్రాళ్లకి ఫోన్‌లో ఒక పిట్ స్టాప్ చూపించండి. ఐదుగురు గోడ దూకి వచ్చి, చక్రానికి ఒక్కటే ఉండే నట్టు విప్పి, పది సెకన్లు అటూ ఇటుగా నాలుగు టైర్లూ మార్చేస్తారు. మీరెందుకు ఏడ్చారో మీ షాపు కుర్రాళ్లకే అందరికంటే ముందు అర్థమవుతుంది.