కార్డ్‌లెస్ నెయిలర్ కొనేముందు మేకులు చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

చెక్క ఫ్రేముల పనికి కార్డ్‌లెస్ నెయిలర్, అంటే గాలి గొట్టం లేకుండా మేకులు కొట్టే గన్, తీసుకుంటానన్నావు, మంచిదే. కంప్రెసర్ మోయక్కర్లేదు, నిచ్చెన మీద ఉన్నప్పుడు గొట్టం కాళ్లకు చుట్టుకోదు. కాకపోతే మెషిన్ ఎంచుకోకముందే నీకు సులువుగా దొరికే మేకుల పట్టీ (వరసగా అతికించిన మేకులు) ఎంత వాలు కోణానిదో కనుక్కో. ప్లాస్టిక్ పట్టీ దాదాపు 21 డిగ్రీలు, తీగతో అతికింది 28, కాగితం పట్టీ 30 నుంచి 34. ఒక కోణానికి చేసిన మ్యాగజైన్‌లో (గన్‌లో మేకులు నింపే అర) ఇంకో కోణం పట్టీ నడవదు. కాగితం పట్టీల్లో కొన్నిటికి మేకు తల ఒక పక్క కోసేసి ఉంటుంది. గుండ్రటి తలవే తీసుకో, పట్టు వాటికే ఎక్కువ. తడి తగిలే చోటికీ, మందు పట్టించిన చెక్కకీ జింకు పూత దళసరిగా ఉన్న మేకులే వాడాలి. మామూలువి తుప్పు పట్టిపోతాయి.

కార్డ్‌లెస్‌లో మూడు రకాలున్నాయి. గ్యాస్ డబ్బాతో నడిచేది తేలిక. అయితే డబ్బా కొంటూ ఉండాలి, దాని మీద గడువు తేదీ చూసుకోవాలి, లోపల మసి శుభ్రం చేస్తూ ఉండాలి, బాగా చలిగా ఉంటే మొరాయిస్తుంది. ఫ్లైవీల్ రకం, అంటే లోపల తిరిగే బరువు చక్రం జోరుతో కొట్టేది, బ్యాటరీతోనే నడుస్తుంది కానీ చక్రం వేగం అందుకునేదాకా క్షణం ఆగాలి. మూసేసిన సిలిండర్‌లో ఒత్తిడి గ్యాస్ ఉండే రకం నొక్కగానే కొడుతుంది, బరువు మాత్రం ఎక్కువ. రోజంతా పనైతే నా ఓటు ఈ మూడోదానికే. కొనే ముందు బ్యాటరీ పెట్టి, మేకులు నింపి, తల పైకి చెయ్యెత్తి రెండు నిమిషాలు పట్టుకుని చూడు. కొట్టులో తేలిగ్గా అనిపించింది పైకప్పు కింద అలా ఉండదు.

ట్రిగ్గర్ విషయంలో మాత్రం మొహమాటం వద్దు నాయనా. మూతి చెక్కకు ఆనించి, తర్వాతే ట్రిగ్గర్ నొక్కితే ఒక్క మేకు దిగే పద్ధతి ఉంటుంది. దాంట్లోనే పెట్టుకో. ట్రిగ్గర్ పట్టి ఉంచి మూతి తగిలినప్పుడల్లా కొట్టే పద్ధతిలో, ఎదురుదెబ్బకు గన్ ఎగిరి మళ్లీ తగిలితే రెండో మేకు ఎటుపోతుందో చెప్పలేం. నడిచేటప్పుడు ట్రిగ్గర్ మీద వేలు ఉండకూడదు. పట్టుకున్న చెయ్యి మూతికి కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ముడి తగిలినా, నార వంకరగా ఉన్నా మేకు పక్కకు తిరిగి చెక్క అంచులోంచి బయటికి వస్తుంది, అక్కడే వేళ్లుంటాయి. కళ్లద్దాలు, చెవి రక్షణ లేకుండా మొదలుపెట్టకు.

38 మిల్లీమీటర్ల చెక్క గుండా ఇంకో చెక్క చివర్లోకి కొట్టడానికి 82 లేదా 90 మిల్లీమీటర్ల మేకు సరిపోతుంది. అలాంటివే రెండు పలకలు ఒకదానిమీద ఒకటి అతికించాలంటే 82 అవతలికి పొడుచుకొస్తుంది, ఏటవాలుగా కొట్టు. ముందు ముక్క చెక్క మీద లోతు సరిచూసుకో: తల పైతలంతో సమానంగా ఆగాలి. ప్లైవుడ్‌లోకి తల దిగబడితే పై పొరలు తెగి, చూడటానికి బిగిసినట్టే ఉన్నా పట్టు పోతుంది. కాస్త పైకి నిలిచినదాన్ని సుత్తితో ఒక దెబ్బ వేస్తే చాలు, దిగిపోయినదాన్ని పైకి తేలేవు. చెక్క మారినప్పుడల్లా మళ్లీ చూడు. ఏటవాలు మేకుకు మూతి పళ్లను చెక్కలోకి గుచ్చి నిలబెట్టకపోతే గన్ జారుతుంది. చిల్లులున్న ఇనప బ్రాకెట్లకు దీన్ని వాడకు. చిల్లు గురి చూపే మూతి ఉన్న గన్ వేరే ఉంటుంది.

మేకు ఇరుక్కుంటే ముందు బ్యాటరీ తియ్యి, తర్వాత మేకుల పట్టీ, ఆ తర్వాతే మూతి తెరువు. గ్యాస్ రకమైతే డబ్బా కూడా తీసేయాలి. గాలి గన్‌లో వేసినట్టు ఫ్లైవీల్ రకంలో నూనె వేయకు, చక్రం పట్టు జారుతుంది. మేకులు సరైనవే అయినా పదేపదే ఇరుక్కుంటుంటే కొట్టే బ్లేడు కొన చూడు. అరిగి గుండ్రమైతే బ్లేడు మార్చాల్సిందే.

ఇట్లు,
పెదనాన్న