జీఆర్‌ఈ మళ్ళీ రాస్తే పాత స్కోరు కూడా యూనివర్సిటీలకి వెళ్తుందా?

తమ్ముడూ, ఆగస్టులో జీఆర్‌ఈ (విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే పరీక్ష)లో 298 వచ్చింది, ఆ రోజే నాలుగు యూనివర్సిటీలకి పంపేశా, మళ్ళీ రాస్తే రెండూ కనిపిస్తాయా, డిసెంబర్ 15 డెడ్‌లైన్‌కి టైం సరిపోతుందా అని అడిగావు కదా. నాదీ ఇంచుమించు ఇదే పరిస్థితి. 2024లో మొదటిసారి 299 వచ్చింది, హైదరాబాద్‌లో సెంటర్ నుంచి బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేయడానికి కూడా మనసు రాలేదు. రెండోసారి 312 వచ్చింది.

ముందు నీ భయం సంగతి. ఆ నాలుగింటికి వెళ్ళిన 298 ఇక వెనక్కి రాదు, వాళ్ళ దగ్గరే ఉంటుంది. కానీ కొత్త స్కోరు దానంతటది వాళ్ళకి చేరదు, నువ్వే మళ్ళీ పంపాలి, పాతది పంపాను కాబట్టి కొత్తది కూడా అప్‌డేట్ అయిపోతుందిలే అనుకుని కూర్చున్న వాళ్ళని నేను చూశాను. మిగతా యూనివర్సిటీలకైతే పాతది తెలియాల్సిన పనే లేదు. పరీక్ష రోజు సెంటర్‌లో ఫ్రీగా నాలుగింటికి పంపేటప్పుడు లేటెస్ట్ స్కోరా, అన్నీనా అని స్క్రీన్ మీద అడుగుతుంది, లేటెస్ట్ పెట్టు. తర్వాత డబ్బు కట్టి పంపేటప్పుడు నీకు నచ్చిన తేదీ స్కోరు ఎంచుకోవచ్చు. అయితే ఒక తేదీ క్వాంట్ (లెక్కలు), ఇంకో తేదీ వెర్బల్ (ఇంగ్లీషు) కలిపి పంపడం కుదరదు, ఏ రోజుది ఆ రోజుది మొత్తంగానే వెళ్తుంది.

టైం సంగతికొస్తే, ఒకసారి రాశాక 21 రోజులు ఆగాలి, ఏడాదిలో 5 సార్లకి మించి రాయనివ్వరు, రాశాక స్కోరు క్యాన్సిల్ చేసినా లెక్కలోకి వస్తుంది. అఫీషియల్ స్కోరుకి 8 నుంచి 10 రోజులు పడుతుంది, ఆ తర్వాత యూనివర్సిటీకి చేరాలి, వాళ్ళు దాన్ని నీ అప్లికేషన్‌కి జత చేయాలి. అందుకని నవంబర్ మొదటి వారం దాటనివ్వకు.

ఫీజు కట్టేముందు ఒక్క రోజు కేటాయించి నీ లిస్టులో ఉన్న ప్రతి డిపార్ట్‌మెంట్ పేజీ తెరిచి చూడు, ఇప్పుడు చాలా చోట్ల జీఆర్‌ఈ అడగట్లేదు, కొన్ని చోట్ల ఇస్తే ఇవ్వు లేకపోతే లేదు అంటున్నారు. నేను రాసినప్పుడే 22 వేలకి పైగా అయింది, అది నాన్న జీతంలోంచి వచ్చిన డబ్బు, ఊరికే పెట్టేది కాదు.

ఇక ప్రిపరేషన్. మొదటిసారి నేను చేసిన తప్పు ఏంటంటే రోజూ వర్డ్ లిస్టులు బట్టీ పట్టడం, క్వాంట్ మనకి వచ్చేదే కదా, ఇంటర్‌లో ఎంపీసీ చదివాం కదా అని వదిలేయడం. తర్వాత జీఆర్‌ఈ వాళ్ళే ఇచ్చే పవర్‌ప్రెప్ ఫ్రీ మాక్ టెస్టులు రెండూ రాసి, తప్పు పోయిన ప్రతి ప్రశ్న ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకున్నా, పక్కనే ఎందుకు తప్పైందో ఒక్క లైను. అప్పుడు తెలిసింది. క్వాంటిటీ ఏ, క్వాంటిటీ బీలో ఏది పెద్దది అని అడిగే ప్రశ్నల్లో ఎక్స్ స్క్వేర్ పెద్దదా ఎక్స్ పెద్దదా అంటే నేను 2, 3 వేసి చూసి టిక్ పెట్టేస్తున్నా, అర వేస్తే తిరగబడుతుంది, సున్నా వేస్తే సమానం, అంటే ఆన్సర్ చెప్పలేం అన్నదే కరెక్టు. ఇట్లాంటివే నాకు తొమ్మిది పోయాయి, ఒక్కటి కూడా రాక పోయింది కాదు. మొదటి క్వాంట్ సెక్షన్ 12 ప్రశ్నలు, 21 నిమిషాలు, అది ఎలా చేశావన్నదాన్ని బట్టే రెండోది కష్టంగానో తేలిగ్గానో వస్తుంది, కాబట్టి ఆ మొదటి 21 నిమిషాలు ప్రాణం పెట్టి చెయ్యి. క్వాంట్ నాకు 156 నుంచి 163 అయింది ఇలాగే. మాక్‌లో కూడా స్కోరు కదలకపోతే మాత్రం డేట్ బుక్ చేయకు.

ఇంకోటి, ఇది నాకు నిద్ర లేకుండా చేసింది. కన్సల్టెన్సీ వాళ్ళు నా అప్లికేషన్ నింపుతూ ఇంటిపేరు, పేరు అన్నీ కలిపి ఒకే గడిలో పెట్టేశారు, జీఆర్‌ఈ అకౌంట్‌లో మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టు సర్‌నేమ్ విడిగా ఉంది. ఇటు చూస్తే స్కోరు పంపేసినట్టు ఉంది, అటు యూనివర్సిటీ పోర్టల్‌లో రెండు వారాలైనా స్కోరు రాలేదనే చూపిస్తోంది. చివరికి నేనే రిజిస్ట్రేషన్ నంబర్, పుట్టిన తేదీ, టెస్ట్ డేట్, పాస్‌పోర్టులో పేరు అన్నీ రాసి గ్రాడ్యుయేట్ ఆఫీసుకి మెయిల్ పెట్టా, రెండ్రోజుల్లో కలిపారు. పుట్టిన తేదీ కూడా మన దగ్గర ఇంట్లో ఒకటి, టెన్త్ సర్టిఫికెట్‌లో ఒకటి ఉంటుంది కదా, అన్ని చోట్లా పాస్‌పోర్టులో ఉన్నదే ఉండాలి. నువ్వూ ఈ రోజే పాస్‌పోర్టు ముందు పెట్టుకుని, జీఆర్‌ఈ అకౌంట్, అప్లికేషన్ రెండూ తెరిచి అక్షరం అక్షరం సరిచూసుకో, నీ క్వాంట్, వెర్బల్ విడివిడిగా ఎంతో కూడా రాయి, చూసి చెప్తా.